డీఏపీ వేస్తే నేలలోని మంచి ఫంగస్ చచ్చిపోతుందా?

తిరుపతి వైపు పాకాల దగ్గర నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. నాలుగెకరాల ఎర్ర ఇసుక నేల. రెండెకరాల్లో బోరు కింద టమాటా, మిగతా రెండెకరాల్లో వానను నమ్ముకుని వేరుశనగ. ఎరువుల అంగడాయన "డీఏపీ వేసి వేసి నీ చేలో మంచి ఫంగస్ అంతా చచ్చిపోయింది, అందుకే టమాటా వడలిపోతోంది, ఈ వ్యామ్ వేయి" అని ఒక ప్యాకెట్ చేతిలో పెట్టాడట. అది నిజమేనా, రసాయన ఎరువులు మొత్తం మానేయాలా, ఆ ప్యాకెట్ పనిచేస్తుందా అని అడిగారు. మట్టి పరీక్షల పనిలో చాలా కాలం ఉన్నవాణ్ని కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

డీఏపీ అంటే నత్రజని, భాస్వరం కలిసిన బస్తా ఎరువు, తెగులు మందు కాదు. బస్తా ఎరువు చల్లినంత మాత్రాన నేలలోని శిలీంద్రాలు (ఫంగస్) చావవు. యూరియా ఒకేచోట కుప్పగా పడితే ఆ ఘాటుకు అక్కడి సూక్ష్మజీవులు కొన్నాళ్ళు తగ్గుతాయి, తర్వాత కోలుకుంటాయి. అసలు మార్పు వచ్చేది ఈ దారిన కాదు. ఏళ్ళ తరబడి వేసే ఎరువు వల్ల నేలలో ఏ శిలీంద్రానికి తిండి దొరుకుతుంది, దేనికి దొరకదు అన్నది మారిపోతుంది. కొన్ని తగ్గుతాయి, వాటి చోటులో వేరేవి పెరుగుతాయి. కాబట్టి "ఫంగస్ ఉందా, పోయిందా" అంటే ఎవరూ జవాబు చెప్పలేరు. ఏ ఫంగస్ అని అడగాలి.

మన చేలల్లో పట్టించుకోవాల్సినవి ముఖ్యంగా మూడు తెగలు. ఒకటి, చెత్తను, వేరు మోళ్ళను కుళ్ళబెట్టి బతికేవి. రెండు, తెగులు తెచ్చేవి: వేరుశనగలో మొదలు కుళ్ళు, టమాటాలో ఫ్యుజేరియం వడలు తెగులు లాంటివి. మూడోది బతికున్న వేరులోకి దూరి, మొక్క పెట్టే తిండి తింటూ, బదులుగా భాస్వరం, జింకు తెచ్చిపెట్టే మైకోరైజా. అంగడాయన వ్యామ్ అన్నది ఈ మూడోదాన్నే.

దీన్ని కంటితో చూడలేం. మైక్రోస్కోపు కింద చూడాలంటే మొక్కను పీకి, తలవెంట్రుకంత సన్నటి వేర్లు కత్తిరించి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడి చేస్తాం. వేరులోని రంగంతా పోయి గాజులా తేలిపోతుంది. కడిగి, కొంచెం ఆమ్లంలో ముంచి, ట్రైపాన్ బ్లూ అనే రంగు పట్టిస్తే శిలీంద్రం ఒక్కటే నీలంగా కనబడుతుంది. కణాల సందుల్లో సన్నటి దారాలు, అక్కడక్కడా కోలగా ఉబ్బిన నూనె సంచులు, కొన్ని కణాల లోపల మాత్రం కొమ్మలు చీలి చీలి కణమంతా నిండిన గుబురు. ఇచ్చిపుచ్చుకోవడమంతా ఆ గుబురు దగ్గరే. వేరు పొడవులో ఎంత భాగం నీలం తిరిగిందో లెక్కపెడితే ఆ పంట శిలీంద్రాన్ని ఎంత మేపుతోందో అర్థమవుతుంది. భాస్వరం దండిగా పడ్డ మడిలోని టమాటా వేరుకూ, ఎరువు పడని గట్టు మీద గడ్డి వేరుకూ తేడా తెలుసుకోవడానికి శాస్త్రవేత్త కానక్కర్లేదు.

ఆ తేడా ఎందుకొస్తుందంటే, భాస్వరం నేలలో దాదాపు కదలదు. మన ఎర్ర నేలల్లోని ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టేసుకుంటాయి. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది లాగేసుకున్నాక అక్కడ ఖాళీ. శిలీంద్రపు దారం ఆ ఖాళీని దాటి కొన్ని సెంటీమీటర్ల దూరం పోతుంది. దాని మందం మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు కాబట్టి వేరు దూరలేని సందుల్లోకీ దూరుతుంది. తెచ్చిన భాస్వరానికి మొక్క ఊరికే ఉండదు, ఆకుల్లో తయారైన ఆహారంలో 4 నుంచి 20 శాతం దాకా ముట్టజెప్తుంది. చక్కెరలే కాదు, కొవ్వులు కూడా. ఈ శిలీంద్రం కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారు చేసుకోలేదని, వాటికోసం పూర్తిగా మొక్క మీదే ఆధారపడుతుందని 2017లో తేలింది. అంటే బతికున్న వేరు లేనిదే దానికి బతుకు లేదు.

మొక్కకు ఇది ఖర్చుతో కూడిన వ్యవహారం. భాస్వరం కరువుగా ఉన్నప్పుడే వేరు ఆ ఖర్చుకు ఒప్పుకుంటుంది. అప్పుడు స్ట్రిగోలాక్టోన్లు అనే రసాయనాలను మట్టిలోకి వదిలి శిలీంద్రాన్ని పిలుస్తుంది. జపాన్ శాస్త్రవేత్తలు 2005లో దీన్ని బయటపెట్టారు. (పొగాకు మల్లె అనే పరాన్న కలుపు విత్తనాలు నిద్రలేచేది కూడా ఇదే పిలుపు విని. మంచికి పిలిస్తే చెడ్డవాడూ వస్తాడు, అది వేరే కథ.) భాస్వరం వేరు దగ్గరే పుష్కలంగా దొరికితే ఈ పిలుపు తగ్గిపోతుంది, తిండి పెట్టడమూ తగ్గిపోతుంది. డీఏపీ ఫంగస్‌ను చంపింది అంటారే, జరిగేది ఇదీ. ఎరువు దాన్ని తాకలేదు, పంటే దాన్ని పస్తు పెట్టింది.

ఎంత తగ్గుతుందని అడుగుతారేమో. అమెరికా శాస్త్రవేత్త కేథ్లీన్ ట్రెసెడర్ 2004లో చాలా దేశాల పొలాల్లో, అడవుల్లో జరిగిన ప్రయోగాలను ఒక్కచోట చేర్చి చూస్తే, నత్రజని వేసిన చోట మైకోరైజా సగటున 15 శాతం, భాస్వరం వేసిన చోట 32 శాతం తగ్గింది. తగ్గిందనే చూడండి, మాయమవలేదు. సగటు అంటే కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ తగ్గింది, కొన్నిచోట్ల పెరిగింది కూడా. భాస్వరం మరీ కరువున్న నేలలో కొద్దిగా వేస్తే మొక్క కోలుకుని, వేర్లు పెరిగి, శిలీంద్రానికీ మేలే జరుగుతుంది. అసలు మాట ఎరువు వేశామా లేదా అన్నది కాదు, ఆ నేలకు అక్కర్లేనిది వేస్తున్నామా అన్నది.

అందుకని ప్యాకెట్ సంగతి పక్కనపెట్టి ముందు మీ భూసార పరీక్ష కార్డు తీయండి. లభ్య భాస్వరం హెక్టారుకు 10 కిలోల లోపుంటే తక్కువ, 10 నుంచి 25 మధ్యస్థం, 25 దాటితే ఎక్కువ. ఏళ్ళుగా టమాటా పండించిన మడి మూడో కోవలో ఉంటే నేనేం ఆశ్చర్యపోను. ఎందుకంటే దుక్కిలో డీఏపీ, నాటాక కాంప్లెక్స్, డ్రిప్‌లో 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు), పైన పిచికారీ కూడా అదే. ఒక్క డీఏపీ బస్తాలోనే 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. వేసిన భాస్వరంలో ఆ పంట వాడుకునేది 15-20 శాతమే. మిగిలింది ఎక్కడికీ పోదు, ఏటికేడు నేలలో పేరుకుంటుంది. డీఏపీ వేస్తేనే పంట అన్నది మనవాళ్ళకు అలవాటైపోయింది, వేయకపోతే రాత్రికి టెన్షన్. కార్డులో భాస్వరం ఎక్కువని ఉంటే ఒక పంటకు డీఏపీ ఆపినా దిగుబడికి ఏం ఢోకా లేదు.

ఇక్కడే జింకు సంగతి. డీఏపీ ఎక్కువైన మడిలో ఆకులు పాలిపోయి, చిన్నవై, జింకు లోపం కనబడటం మీరు చూసే ఉంటారు. భాస్వరం జింకును కట్టేస్తుందని చెప్పి జింకు సల్ఫేట్ అమ్ముతారు. అందులో కొంత నిజముంది. కానీ మొక్కకు జింకు తెచ్చిపెట్టే పనిలో మైకోరైజాకు కూడా పెద్ద వాటా ఉంది. భాస్వరం ఎక్కువై దాన్ని పస్తు పెట్టినప్పుడు ఆ జింకూ రాకుండా పోతుంది. ఉచితంగా చేసే పనివాణ్ని మాన్పించి, అదే పనికి డబ్బిచ్చి బస్తా తెస్తున్నాం.

"అయితే సేంద్రియ ఎరువే వేస్తాను, గొడవ ఉండదు" అనుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. మన జిల్లాలో కోళ్ళ ఫారాలకు కొదవలేదు, కోళ్ళ ఎరువు ట్రాక్టర్ల కొద్దీ చేలకు తోలుతున్నారు. దాంట్లో భాస్వరం బాగా ఎక్కువ. నత్రజని లెక్కన ఏటా వేస్తూ పోతే భాస్వరం డీఏపీ వేసినట్టే పేరుకుంటుంది. శిలీంద్రానికి అది బస్తా నుంచి వచ్చిందా, కోడి నుంచి వచ్చిందా అన్నది పట్టదు. పశువుల ఎరువులో ఆ బాధ చాలా తక్కువ.

ఇక నత్రజని. దీని దారి వేరు. యూరియా, డీఏపీ, అమ్మోనియం సల్ఫేట్, ఇవన్నీ అమ్మోనియం రూపంలోకి వచ్చేవే. నేలలోని బ్యాక్టీరియా దాన్ని నైట్రేటుగా మార్చేటప్పుడు ఆమ్లం విడుదలవుతుంది. నల్లరేగడి అయితే దాన్ని తట్టుకుంటుంది. మన ఎర్ర ఇసుక నేలలో బంకమన్ను తక్కువ, సేంద్రియ కర్బనం తక్కువ, అందుకే పీహెచ్ (నేల పులుపును చూపే అంకె, ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గుతుంది) తొందరగా జారుతుంది. పీహెచ్ జారితే బ్యాక్టీరియా ఎక్కువ దెబ్బతింటుంది, శిలీంద్రాలు తట్టుకుంటాయి. ఇంగ్లండులో 1843 నుంచి ఎరువుల ప్రయోగాలు నడుస్తున్న రాథమ్‌స్టెడ్‌లో ఒకే పొలంలో పీహెచ్ 4 నుంచి 8 దాకా ఉన్న పట్టీ ఒకటుంది. అక్కడ చూసింది ఇదే: ఆమ్లం పెరిగేకొద్దీ బ్యాక్టీరియా రకాలు బాగా తగ్గాయి, శిలీంద్రాల మీద ప్రభావం అంతగా లేదు. కాబట్టి యూరియా వేస్తే ఫంగస్ మొత్తం పోతుంది అనడం తప్పు. మొత్తం అలాగే ఉండొచ్చు, పెరగనూ వచ్చు. అందులో ఉండేవాళ్ళు మారతారు. ప్రపంచంలో చాలాచోట్ల పచ్చిక మైదానాల్లో నత్రజని, భాస్వరం వేసి చూసి 2021లో ప్రచురించిన ఫలితాల్లో, తెగులు తెచ్చే శిలీంద్రాల వాటా పెరిగి మైకోరైజా వాటా తగ్గింది. అది పచ్చిక మైదానం, మనది దున్నే చేను, అచ్చంగా అలాగే జరుగుతుందని నేననను. దిక్కు మాత్రం అటే.

మీ టమాటా వడలడానికి ఇది కారణమా అంటే, ముందు అది ఏ వడలు తెగులో తేల్చుకోండి. వడలిన మొక్క కాండం అడుగున కోసి, గ్లాసులో తేట నీళ్ళు పోసి కోసిన కొన ముంచి పట్టుకోండి. రెండు మూడు నిమిషాల్లో తెల్లటి దారంలా జిగురు కారితే అది బ్యాక్టీరియా తెగులు, ఫంగస్‌తో సంబంధమే లేదు. జిగురు కారకుండా, కింది ఆకులు ముందు పసుపు రంగుకు తిరిగి, కాండం చీలిస్తే లోపల గోధుమరంగు చార కనబడితే ఫ్యుజేరియం అనుకోవచ్చు. ఫ్యుజేరియం అయితే ఎరువు మాట వస్తుంది. ఆమ్ల నేల, అమ్మోనియం నత్రజని రెండూ దానికి అనుకూలం. సున్నం వేసి పీహెచ్ పెంచి, నత్రజనిని నైట్రేటు రూపంలో ఇస్తే ఈ తెగులు తగ్గుతుందని ఫ్లోరిడా టమాటా తోటల్లో ఎప్పుడో చూపించారు. పీహెచ్ 6 కంటే తక్కువుంటే ఆలోచించాల్సింది సున్నం గురించి. జిప్సం గురించి కాదు, జిప్సం పీహెచ్‌ను పెంచదు. ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడేవాళ్ళు మన దగ్గర చాలామంది.

వేరుశనగ చేలో ఇంకో పొరపాటు జరుగుతోంది. ఈమధ్య ఫోన్లలో వీడియోలు చూసి, మొక్క మొదట్లో తెల్లటి బూజు కనబడితే "మంచి ఫంగస్ వచ్చింది" అని సంబరపడే కుర్రాళ్ళున్నారు. మైకోరైజా కంటికి కనబడదని పైన చెప్పాను కదా. నేలను ఆనుకుని కాండం చుట్టూ తెల్లని దారాలు పట్టి, వాటి మధ్య ఆవగింజల్లాంటి గింజలు, ముందు తెల్లగా తర్వాత గోధుమరంగులో కనబడితే అది స్క్లిరోషియం, మొదలు కుళ్ళు తెగులు. ఆ గింజలే వచ్చే ఏడాదికి దాని విత్తనం. మాగని పేడ, పచ్చి చెత్త, రాలిన ఆకు మొదట్లో పోగుబడితే దీనికి పండగే, దాని మీద పెరిగి బలం పుంజుకుని కాండం మీదికి ఎక్కుతుంది. దిబ్బలో మాగిన ఎరువు వేరు, నిన్నటి పేడ వేరు. మామిడి చెట్టు కింద ఆకు పొరల్లో కనబడే తెల్లబూజు మాత్రం కుళ్ళబెట్టే రకం, దాన్ని కదిలించకండి.

వేరుశనగకు ఎరువు విషయంలో మనకు మంచి సిఫారసే ఉంది. వర్షాధారానికి ఎకరాకు నత్రజని 8, భాస్వరం 16, పొటాష్ 20 కిలోలు. అంటే 18 కిలోల యూరియా, 100 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 33 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. ఇందులో సూపర్ బదులు డీఏపీ వేస్తే బరువు మోయడం తగ్గుతుంది గానీ సూపర్‌తో పాటు వచ్చే గంధకం, కాల్షియం పోతాయి. కాయ నేలలోనే ఊరే పంట ఇది, కాల్షియం నేరుగా కాయే తీసుకుంటుంది. నా ఓటు ఎప్పుడూ సూపర్‌కే. భాస్వరం ఎక్కువున్న నేలలో 16 కిలోల్లో మూడో వంతు దాకా తగ్గించుకోండి. పూత, ఊడలు దిగే సమయంలో 200 కిలోల జిప్సం మాత్రం మానకండి.

ఎరువును తిట్టుకుంటూ మనం గమనించని విషయాలు కొన్నున్నాయి. నా లెక్కలో అవే ఎక్కువ చెరుపు చేస్తున్నాయి.

ఫంగస్‌ను చంపే తెగులు మందు కార్బండిజమ్ సంగతి తీసుకోండి. ప్రయోగాల్లో మైకోరైజాను కావాలనే అణచిపెట్టాలంటే శాస్త్రవేత్తలు బెనోమిల్ అనే మందు వాడేవాళ్ళు. అది నేలలో విరిగి అయ్యేది కార్బండిజమే. దాన్నే మనం నారుకు, మొదళ్ళకు, ఏ అనుమానం వచ్చినా సరే పోస్తుంటాం. ఆ మర్నాడే ట్రైకోడెర్మా (తెగులు ఫంగస్‌ను అణిచే మంచి ఫంగస్), వ్యామ్ కూడా పోస్తాం, డబ్బు రెండువైపులా దండగ. ఇంకోటి పంట వరుస. పలమనేరు, వి.కోట వైపు టమాటా తర్వాత క్యాబేజీ, కాలీఫ్లవర్ వేస్తారు. క్యాబేజీ, ముల్లంగి, ఆవాలు, తోటకూర, పాలకూర, ఇవి మైకోరైజాను రానివ్వని జాతులు. ఆ పంట ఉన్నన్నాళ్ళూ శిలీంద్రానికి పస్తే. ఆ వెంటనే టమాటా కాకుండా మధ్యలో జొన్నో, మొక్కజొన్నో, అలసందో వేస్తే మళ్ళీ పుంజుకుంటుంది.

వేరుశనగ తీశాక జనవరి నుంచి జూన్ దాకా చేను ఎండకు బీడుగా ఉంటుంది కదా, అదీ దెబ్బే. ఆస్ట్రేలియాలో ఎక్కువకాలం బీడుపెట్టిన పొలాల్లో తర్వాతి పంట భాస్వరం, జింకు లోపంతో గిడసబారితే, కారణం వెదికితే మైకోరైజా తగ్గిపోవడమని తేలింది. మన ప్రకృతి వ్యవసాయం వాళ్ళు వానలకు ముందే నవధాన్యాలు చల్లమంటారు. వాళ్ళు చెప్పే వాటన్నిటికీ నేను తలూపను గానీ, ఇది మాత్రం ఖాయంగా మంచి పని. నేలలో ఏదో ఒక వేరు బతికుండాలి. పేడ, మూత్రం, బెల్లం, గుప్పెడు గట్టు మట్టి కలిపి డ్రమ్ములో పులియబెట్టే జీవామృతంతో మైకోరైజా పెరుగుతుందని చెప్తే మాత్రం నమ్మకండి. గట్టు మట్టిలో కాసిని విత్తుబీజాలు ఉండొచ్చు, కానీ వేరు లేని డ్రమ్ములో అది పెరగదు.

కాబట్టి మొత్తం రసాయన ఎరువులు మానేయమని నేను చెప్పను. కోయంబత్తూరులో 1909 నుంచి, మన తిరుపతి పరిశోధన స్థానంలో వేరుశనగ మీద దశాబ్దాలుగా నడిచే శాశ్వత ప్రయోగాల్లాంటివి దేశంలో చాలాచోట్ల ఉన్నాయి. అలాంటి ప్రయోగాల్లో పదేపదే కనబడేది ఒకటే: బస్తా ఎరువు, పశువుల ఎరువు కలిపి వేసిన మడుల్లో సూక్ష్మజీవులు, దిగుబడి రెండూ నిలుస్తాయి. ఉత్త నత్రజని ఒక్కటే వేసిన మడి నానాటికీ దిగజారుతుంది.

ప్యాకెట్ విషయానికొస్తే, నకిలీ అని నేననడం లేదు. భాస్వరం ఎక్కువున్న టమాటా మడిలో ఎకరాకు నాలుగు కిలోలు చల్లితే మీకు కనబడేదేమీ ఉండదు. పిలవని చోటికి వచ్చి అది చేసేదేముంది? వేరుశనగ చేలో ఎలాగూ దాని సొంత మైకోరైజా ఉంటుంది. పనికొచ్చే చోటు ఒక్కటే, నారు. నారు పెంచే ప్లాస్టిక్ ప్రోట్రేల్లో వాడే కొబ్బరి పొట్టులో ఏ మైకోరైజా ఉండదు, కాబట్టి అక్కడ వేస్తే మొదటి వేరుకే పట్టుకుంటుంది. ప్యాకెట్ మీద గడువు తేదీ చూసి, నీడలో ఉంచిందేనా అని అడిగి, ట్రే నింపే పొట్టులోనే కలపండి. ఆ నారుకు 19-19-19 ఎక్కువ పోయకండి, కార్బండిజమ్ అసలు వద్దు. నారు బయట కొనేట్టయితే నర్సరీ ఆయన ఏమేం పోశాడో అడిగి తెలుసుకోండి.

వేరుశనగ చేలో మొదలు కుళ్ళు ఉంటే ఆ డబ్బు ట్రైకోడెర్మా విరిడికి పెట్టండి. 2 కిలోల పొడిని 90 కిలోల బాగా మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి, నీళ్ళు చిలకరించి, చెట్టునీడలో గోనెపట్టా కప్పి వారం పది రోజులుంచితే బూజు పడుతుంది. అది ఎకరాకు సరిపోతుంది. నేలలో తేమ ఉన్నప్పుడే వేయాలి, ఎండు దుక్కిలో చల్లితే వృథా.

మట్టి నమూనా ఎరువు వేయకముందే, దుక్కికి ముందు తీయండి. టమాటా మడిది, వేరుశనగ చేనుది వేర్వేరు సంచుల్లో ఇవ్వాలి, రెండూ కలిపితే ఆ అంకె దేనికీ పనికిరాదు. డ్రిప్ చుక్క పడే చోటే గుంట తవ్వితే భాస్వరం ఎక్కువ చూపిస్తుంది, సాలు మధ్యలోంచి తీస్తే తక్కువ. చేనంతా తిరిగి రెండు చోట్ల నుంచీ 15 సెంటీమీటర్ల లోతు దాకా తీసి, బాగా కలిపి, అరకిలో చేసి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. ఫలితం వచ్చాక భాస్వరం, పీహెచ్, సేంద్రియ కర్బనం, ఈ మూడు అంకెలు ఇక్కడ పెట్టండి, ఎకరాకు ఎంత తగ్గించాలో అప్పుడు చెప్తాను.